కృష్ణ ఒడ్డున గాలం: బెజవాడ కాలువ గట్టు నుంచి సూర్యలంక దాకా

గాలం వేయాలన్న కోరిక పుట్టగానే చాలామంది చేసే మొదటి పని పన్నెండు అడుగుల రాడ్డు, మెరిసే రీలు కొనడం. రెండో పని ఆదివారం వాటితో నేరుగా సూర్యలంక వెళ్లడం. మూడో పని ఖాళీ సంచితో తిరిగొచ్చి రాడ్డును అటకెక్కించడం. నీళ్లలో ఉన్న చేపకు మీ రాడ్డు కనిపించదు. దానికి తెలిసేది చివరి మూరెడు మాత్రమే: దారం, గాలం, ఎర. డబ్బూ శ్రద్ధా ముందు ఆ మూరెడు మీద పెట్టండి. కర్ర వెదురుదైనా ఫర్వాలేదు.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఉన్నవారికి మరో అదృష్టం ఉంది. నేర్చుకోవడానికి కాలువలు, చేయి తిరిగాక కృష్ణ, ఆ తర్వాత వంద కిలోమీటర్ల లోపు సముద్రం. ఈ వరుసలోనే వెళ్లమని నా సలహా. కాలువలో చేప చిన్నది, దూరం తక్కువ, తప్పులు వెంటనే తెలిసిపోతాయి. సముద్రంలో ఎర పోయిందో ఉందో కూడా కొత్తవారికి తెలియదు.

ఎక్కడ కూర్చోవాలి

ప్రకాశం బ్యారేజీ దగ్గర తూర్పు వైపున ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ బయలుదేరి నగరం మధ్య నుంచి పోతాయి. నగరం లోపల వీటిలోకి మురుగు చేరుతుంది కాబట్టి అక్కడ పట్టిన చేపను తినవద్దు. సాధనకు పనికొస్తుంది, అంతే. తినడానికి పట్టాలంటే ఊరు దాటాలి. ఏలూరు కాలువ మీద రామవరప్పాడు దాటి, బందరు కాలువ మీద కంకిపాడు వైపు వెళితే నీళ్లు కాస్త తేటపడతాయి. గుంటూరు వాళ్లకు దుగ్గిరాల దగ్గర కొమ్మమూరు కాలువ అందుబాటులో ఉంటుంది.

కాలువలో చేప అన్నిచోట్లా సమానంగా ఉండదు. వంతెన స్తంభాల వెనుక నెమ్మదిగా తిరిగే నీరు, లాకుల దిగువన నురగ ఆగే చోటు, పొలం తూము నుంచి నీరు వచ్చి కలిసే మూల, మలుపులో లోతుగా కోసుకుపోయిన వైపు, గుర్రపుడెక్క అంచు. ఈ ఐదింటిలో ఒకటి కనిపిస్తే అక్కడ ఆగండి. తిన్నగా, వేగంగా పారే కాలువ మధ్యలో వేస్తే ఎర కొట్టుకుపోవడం తప్ప ఏమీ జరగదు. లాకుల దగ్గర మాత్రం గేటుకు బాగా దూరంగా కూర్చోవాలి. సిమెంటు అంచు నాచుపట్టి జారుతుంది, కింద నీరు సుడి తిరుగుతుంది.

నదిలో బ్యారేజీకి ఎగువన ఉండవల్లి, వెంకటపాలెం, రాయపూడి వైపు కరకట్ట పొడవునా నీరు నిలకడగా ఉంటుంది. ఇటు ఒడ్డున గొల్లపూడి నుంచి ఇబ్రహీంపట్నం దాకా అనువైన చోట్లు దొరుకుతాయి. దిగువన యనమలకుదురు వైపు వేసవిలో ఇసుక తేలి, మడుగులు మిగులుతాయి. ఆ మడుగుల్లో చేప ఉంటుంది. అయితే ఇసుక తవ్విన గోతులు కూడా అక్కడే ఉంటాయి. మోకాలి లోతులో నడుస్తూ ఒక్క అడుగుతో తల మునిగే లోతులోకి పోవచ్చు. నదిలో దిగి గాలం వేయడం మానేయండి. ఒడ్డునుంచి అందని చేపను వదిలేయండి.

స్నాన ఘాట్ల మీద, బ్యారేజీ మీద, గేట్ల దగ్గర వేయకూడదు. ఘాటు మెట్ల మీద వదిలిన గాలం ఎవరి పాదంలో దిగుతుందో ఆలోచిస్తే కారణం చెప్పనక్కర్లేదు. ఊరి చెరువులు చాలావరకు మత్స్యకార సహకార సంఘాల చేతిలోనో పాటదారుల చేతిలోనో ఉంటాయి. అడగకుండా గాలం వేస్తే అది దొంగతనమే. అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. వల కట్టిన చోట గాలం విసరకండి. ఆ వల ఎవరిదో బతుకుతెరువు, మీది సరదా.

ఏమి కొనాలి

మొదటి కర్రగా పదీ పన్నెండు అడుగుల వెదురు గాని, మడిచి దాచుకునే ఫైబర్ కర్ర గాని చాలు. రీలు అక్కర్లేదు. కర్ర కొనకు దారం కట్టి, దారం పొడవు కర్ర పొడవుకు సమానంగానో ఒక జానెడు తక్కువగానో ఉంచితే విసరడం, చేపను చేతికి తెచ్చుకోవడం రెండూ సులువు. వెదురైతే నీడన ఎండబెట్టి, కొన తేలిగ్గా వంగేదాన్ని ఎంచుకోండి.

దారం విషయంలో లావు మీద మోజు వద్దు. కాలువకు 0.20 మిల్లీమీటర్ల నైలాన్ దారం మూడు నాలుగు కిలోల లాగుడును తట్టుకుంటుంది. నదికి 0.30 నుంచి 0.35 సరిపోతాయి. 0.50 దారంతో కూర్చున్నవారికి చేప పడకపోవడానికి ఆ దారమే సగం కారణం. నీరు తేటగా ఉంటే చేప దాన్ని చూస్తుంది, ఎర సహజంగా కదలదు. ఎండలో ఏడాది పడి ఉన్న నైలాన్ పెళుసుబారి పుటుక్కున తెగుతుంది కాబట్టి సీజనుకోసారి మార్చండి. అల్లిక దారం సన్నగా ఉండి చాలా బలంగా ఉంటుంది గాని, మొదటి సంవత్సరం దాని జోలికి పోకపోవడం మేలు. చిక్కుపడితే విప్పలేరు, చేత్తో లాగితే వేలు కోస్తుంది.

గాలాల నంబర్లు కొత్తవారిని తికమకపెడతాయి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది: 12 కంటే 6 పెద్దది, 6 కంటే 2 పెద్దది. 1 దాటాక 1/0, 2/0, 3/0 అని మళ్లీ పెద్దవవుతూ పోతాయి. పరిగెలకు 12, తిలాపియాకు 8, జెల్లకు 6, మోసు, శీలావతి వంటివాటికి 4 నుంచి 1 వరకు, సముద్రానికి 1/0 నుంచి 3/0. ఒక్కో సైజు పదేసి కొనండి. గాలం పదును బొటనవేలి గోరు మీద చూడాలి. కొన ఆనించి మెల్లగా లాగితే గోరు మీద పట్టుకుని ఆగాలి, జారిపోతే అది పారేయాల్సిన గాలం. కొన వెనుక ఉండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కేస్తే చేప నోటి నుంచీ మీ వేలి నుంచీ తేలిగ్గా ఊడి వస్తుంది. దారం వదులు కానివ్వకపోతే చేప తప్పించుకోదు.

ఇక బెండు, అంటే నీటిపై తేలుతూ చేప ముట్టిందని చెప్పేది. కొట్లో దొరికే రంగు బెండ్లు బాగానే ఉంటాయి గాని, మన వైపు పాతవాళ్లు వాడే నెమలి ఈక కాడకు సాటి రావు. సన్నగా ఉంటుంది, పరిగె ముట్టుకున్నా చెబుతుంది. జొన్న బెండు కూడా పనిచేస్తుంది, కాకపోతే నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. వీటితో పాటు నొక్కితే దారానికి పట్టుకునే సీసం గుళ్లు, ఒక పట్టకారు, చిన్న కత్తెర, తడి గుడ్డ, చిన్న బుట్ట వల. సంచి ఇంతకంటే బరువెక్కితే గట్టు మీద వెతుక్కోవడమే సరిపోతుంది.

ఇంకో మాట. కార్బన్ లేదా గ్రాఫైట్ రాడ్డులో విద్యుత్తు ప్రవహిస్తుంది. కాలువ గట్ల వెంట కరెంటు తీగలు కిందికి వేలాడుతూ ఉంటాయి. పొడవైన రాడ్డును నిలువుగా పట్టుకుని తీగల కింద నడవకండి. ఉరుము వినిపిస్తే రాడ్డు కింద పడుకోబెట్టి ఒడ్డు వదిలిపెట్టండి.

ఒకే ఒక్క ముడి

పది ముళ్లు నేర్చుకోనక్కర్లేదు, ఒకటి చీకట్లో కూడా వేయగలగాలి. దారం కొనను గాలం కంటిలోంచి దూర్చి ఒక జానెడు బయటకు లాగండి. ఆ కొనను అసలు దారం చుట్టూ ఐదుసార్లు తిప్పండి. ఇప్పుడు గాలం కంటిని ఆనుకుని ఒక చిన్న ఉచ్చు కనిపిస్తుంది. కొనను అందులోంచి పోనిచ్చి, అలా పోనిచ్చినప్పుడు ఏర్పడిన పెద్ద ఉచ్చులోంచి వెనక్కి దూర్చండి. ఉమ్మితో తడిపి, అసలు దారాన్ని మెల్లగా లాగండి. చుట్లు ఒకదాని పక్కన ఒకటి స్ప్రింగులా కూర్చోవాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే కోసేసి మళ్లీ వేయండి. తడపకుండా బిగిస్తే రాపిడికి నైలాన్ వేడెక్కి అక్కడే బలహీనపడుతుంది. పెద్ద చేప పోయిందని చెప్పే కథల్లో చాలావాటికి కారణం ఈ పొడి ముడి.

ఎర: ఇక్కడే అసలు పని

ఎర్రలతో, అంటే వానపాములతో, మొదలుపెట్టండి. మన కాలువల్లో వాటిని కాదనే చేప తక్కువ. పశువుల పాక వెనుక పాత పేడదిబ్బ, అరటితోటల్లో నీరు పారే బోదె, పెరట్లో పాత్రలు కడిగిన నీళ్లు పోయే మూల తవ్వితే దొరుకుతాయి. కుండలో తడిమట్టి, ఎండుటాకులు వేసి నీడన ఉంచితే వారం బతుకుతాయి. ప్లాస్టిక్ డబ్బాలో మూత బిగించి ఎండలో పెడితే గంటలో కుళ్లి వాసన కొడతాయి. ఆ వాసన చేపకు నచ్చదు. గుచ్చేటప్పుడు తల దగ్గర నుంచి గాలం మీదికి ఎక్కించి, తోకను అంగుళం మేర వదిలేయాలి. ఆ కదలికకే చేప వస్తుంది. చిన్న పరిగెలు తోక కొరికి పారిపోతుంటే ముక్క చేసి గాలం నిండా కప్పండి.

తిలాపియా, శీలావతి, మోసులకు పిండి ఎర పెట్టాలి. నాకు నమ్మకమైన పాళ్లు ఇవి: గోధుమపిండి రెండు వంతులు, వేరుశనగ చెక్క పొడి ఒక వంతు, జల్లించిన తవుడు అర వంతు, బెల్లం నీళ్లు తడికి సరిపడా. వేయించిన మెంతిపొడి చిటికెడు వేస్తే వాసన నీళ్లలో దూరం పోతుంది. ముద్ద చేసి పది నిమిషాలు ఆవిరికి ఉడికించి, వేడి చల్లారకముందే మళ్లీ పిసికితే సాగుడు వస్తుంది. పారే నీళ్లకైతే పిసికేటప్పుడు కాస్త దూది కలపండి. దూది పోగులు పిండిని గాలానికి పట్టి ఉంచుతాయి. పరీక్ష సులువు: గ్లాసు నీళ్లలో శనగగింజంత ఉండ వేయండి. పది నిమిషాల తర్వాత అంచులు మెల్లగా కరుగుతూ, ఉండ నిలిచి ఉండాలి. వెంటనే విడిపోతే గోధుమపిండి తక్కువైంది, రాయిలా ఉంటే ఎక్కువైంది.

ఎరతో పాటు ఎరజల్లు కూడా ఉండాలి. తవుడు, చెక్క పొడి తడిపి నిమ్మకాయంత ఉండలు చేసి, మీరు గాలం వేయబోయే చోటుకు కాస్త ఎగువన మూడు నాలుగు వేయండి. ప్రవాహం వాటిని సరిగ్గా మీ బెండు కిందికి తెస్తుంది. ఆ తర్వాత పావుగంటకు ఒకటి చాలు. బకెట్ల కొద్దీ పోస్తే చేప కడుపునిండా తిని మీ గాలం వైపు చూడదు.

జెల్ల, మార్పు, వాలుగ మాంసం తినేవి. చికెన్ కొట్టులో పేగులు, కార్జం అడిగితే ఇస్తారు. కార్జం మెత్తన కాబట్టి కుట్టు దారంతో గాలానికి నాలుగు చుట్లు చుట్టాలి. ఇవి చీకటి పడే వేళ, కొత్త నీరు వచ్చినప్పుడు బాగా పడతాయి. తొలకరికి నీరు ఎర్రబడగానే పిండి ఎరలు పక్కనపెట్టి ఎర్రలు, కార్జం పట్టుకోండి. బురదనీళ్లలో చేప కంటితో కాక వాసనతో వెతుకుతుంది.

కాలువ గట్టు మీద

వేసవిలో ఎండెక్కక ముందే, ఐదున్నర నుంచి ఎనిమిది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగున్నర తర్వాత. మే నెల మధ్యాహ్నం బెజవాడ ఎండలో గట్టు మీద కూర్చోవడం వడదెబ్బకు పిలుపే. ఆ వేళ చేప కూడా లోతుకో నీడకో పోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం పొద్దెక్కాక, నీరు కాస్త వెచ్చబడ్డాక మెరుగ్గా ఉంటుంది. డెల్టా కాలువలకు సాధారణంగా ఖరీఫ్ ముందు నీరు వదిలి, వేసవిలో కట్టేస్తారు. కట్టిన తర్వాత మిగిలే గుంటల్లో కొన్ని వారాలపాటు చేప దొరకడం తేలిక.

ముందు లోతు చూడాలి. గాలానికి కాస్త బరువైన సీసం తాత్కాలికంగా తగిలించి వేయండి. బెండు మునిగిపోతే దాన్ని పైకి జరపాలి, పక్కకు పడుకుంటే కిందికి జరపాలి. కొన మాత్రమే నీళ్లపైన నిలువుగా కనిపించేచోట అడుగు తగిలినట్టు. ఇప్పుడు ఆ సీసం తీసేసి, జెల్ల, మోసులకైతే ఎర అడుగున తాకేలా, తిలాపియాకు ఒక జానెడు పైకి, పరిగెలకు మధ్య నీళ్లలో ఉండేలా బెండు సరిచేయండి. సీసం గుళ్లు గాలానికి అరచేతి దూరంలో చిన్నది, ఆ పైన మిగతావి. బెండు కొన గోరంత మాత్రమే పైకి కనిపించేలా గుళ్లు పెంచాలి. సగం బెండు బయట తేలుతుంటే చేప దాన్ని కిందికి లాగడానికి బరువు మోయాలి, అనుమానం వచ్చి ఉమ్మేస్తుంది.

బెండు భాష నేర్చుకోవడానికే కాలువ. టకటకా వణికితే పరిగెలు కొరుకుతున్నాయి, తొందరపడకండి. మెల్లగా పక్కకు నడుస్తూ మునిగితే తిలాపియా. ఒక్కసారిగా మాయమైతే జెల్ల. అడుగున మేసే మోసు ఎర నోట పెట్టుకుని తల పైకెత్తితే సీసం బరువు తగ్గి, బెండు మునగడానికి బదులు లేచి పడుకుంటుంది. కొత్తవారు దీన్ని పట్టించుకోరు, కొట్టాల్సింది అప్పుడే. కొట్టడం అంటే మణికట్టుతో జానెడు చురుకుగా ఎత్తడం. కర్ర తల వెనక్కి పోయేలా ఊపితే చిన్న చేప చెట్టుకొమ్మల్లో పడుతుంది, పెద్దదైతే దారం తెగుతుంది.

గట్టు మీద అడుగుల చప్పుడు నీళ్లలోకి పోతుంది. నీడ నీటి మీద పడకుండా కూర్చోండి. పావుగంట ఎరజల్లు వేసినా ఒక్క ముట్టు కూడా లేకపోతే ముందు లోతు మార్చండి, తర్వాత ఎర మార్చండి, ఆ తర్వాతే చోటు మార్చండి.

నదికి వెళ్లినప్పుడు: రీలు, విసురు

బెండుతో చేయి కుదిరాక ఎనిమిది అడుగుల రాడ్డు, 3000 లేదా 4000 సైజు స్పిన్నింగ్ రీలు తీసుకోండి. రీలు చుట్టను అంచుకు రెండు మిల్లీమీటర్లు తక్కువగా నింపాలి. తక్కువైతే దూరం పోదు, అంచుదాకా నింపితే చుట్లు ఒక్కసారిగా జారి గూడు కట్టుకుంటాయి. డ్రాగ్‌ను, అంటే చేప ఎంత బలంగా లాగితే రీలు దారం వదలాలో నిర్ణయించే బిగింపును, దారం బలంలో మూడో వంతు లాగుడుకు జారేలా ఉంచండి. ఏడు కిలోల దారమైతే రెండు కిలోల పైచిలుకు. రెండు లీటర్ల నీళ్ల సీసాను దారానికి కట్టి ఎత్తితే రీలు అప్పుడే జారడం మొదలుపెట్టాలి.

అమరిక ఇలా: దారాన్ని రంధ్రం ఉన్న 30 గ్రాముల సీసంలోంచి దూర్చి, ఒక పూస వేసి, తిరిగే లింకు అంటే స్వివెల్ కట్టండి. దాని రెండో కంటికి మూరెడు దారం, చివర గాలం. చేప ఎర పట్టుకుని కదిలినప్పుడు సీసం కదలకుండా దారం మాత్రమే దాంట్లోంచి జారుతుంది, బరువు తెలియక చేప ఎరను వదలదు.

విసరడం నీళ్ల దగ్గర నేర్చుకోవద్దు. ఖాళీ మైదానంలో గాలం లేకుండా సీసంతో ఒక సాయంత్రం సాధన చేయండి. రాడ్డు కొన నుంచి రెండడుగుల దారం వేలాడనివ్వండి. చూపుడువేలితో దారాన్ని రాడ్డుకు ఆనించి పట్టుకుని రీలు తీగను, అంటే దారాన్ని పట్టి ఉంచే వంపు తీగను, తెరవండి. వెనక్కి తిరిగి చూడండి, ప్రతిసారీ చూడండి, ఎందుకంటే కరకట్ట మీద నడిచేవాళ్లు ఉంటారు. రాడ్డును భుజం మీదుగా వెనక్కి తీసుకెళ్లి, పై చేతితో నెట్టుతూ కింది చేతిని పొట్టవైపు లాక్కోండి. కొన తలను దాటి ముందుకు వచ్చి, నడినెత్తికీ ఎదుటి ఒడ్డుకూ సగం మధ్యలో ఉన్నప్పుడు వేలు వదలండి. ముందే వదిలితే సీసం ఆకాశంలోకి పోతుంది, ఆలస్యమైతే కాళ్ల ముందు పడుతుంది. బలం కంటే ఈ క్షణం ముఖ్యం. పడగానే తీగ మూసి, వదులు దారం చుట్టి, రాడ్డును ఫోర్కు కర్ర మీద ఉంచండి.

దూరం విసరాలన్న పట్టుదల కూడా వద్దు. రాయపూడి వైపు ఒడ్డుకు పదిహేను, ఇరవై గజాల్లోనే లోతు మారే అంచు ఉంటే శీలావతి, మోసు ఆ అంచు వెంటే తిరుగుతాయి. నది మధ్యకు విసిరితే ఎర చేపను దాటిపోయి పడుతుంది. బొచ్చె సంగతి వేరు. అది అడుగున కాక మధ్య, పై నీళ్లలో మేస్తుంది, కాబట్టి దానికి బెండే మేలు.

కొర్రమీను గురించి క్లుప్తంగా. కలుపు ఉన్న మడుగుల్లో ఉంటుంది, గాలి పీల్చడానికి పైకి వస్తుంది, అప్పుడు వచ్చే ఒక బుడగ చప్పుడు దాని ఉనికి చెబుతుంది. రబ్బరు కప్ప ఎరను కలుపు మీదుగా గెంతించుకుంటూ లాగితే దూకి పట్టుకుంటుంది. నీటి పైన ఎర్రగా పిల్లల గుంపు కనిపిస్తే మాత్రం గాలం వేయకండి. తల్లిదండ్రులు కింద కాపలా ఉంటాయి, వాటిని తీస్తే ఆ పిల్లలన్నీ ఇతర చేపల పాలే.

వానాకాలంలో నదికి వెళ్లే ముందు బ్యారేజీ నుంచి ఎంత నీరు వదులుతున్నారో వార్తల్లో చూడాలి. 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది ఇస్తారు. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చినప్పుడు ఏం జరిగిందో బెజవాడకు చెప్పనక్కర్లేదు. హెచ్చరిక లేని రోజున కూడా గేట్లు ఎత్తితే దిగువన నీరు చూస్తుండగానే పెరుగుతుంది. మొదటి హెచ్చరికకు ముందే ఇంట్లో ఉండండి. పైగా బొచ్చె, శీలావతి, మోసు వంటివి వరదనీటికే గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో కడుపు ఉబ్బిన చేప పడితే నీళ్లలోకే వదిలేయడం మంచిది.

చేప పడ్డాక

రాడ్డును నలభై ఐదు డిగ్రీల్లో పట్టుకుని వంగనివ్వండి. చేప లాగితే పోనివ్వండి, ఆగితే చుట్టండి. రీలు జారుతున్నప్పుడు చుట్టడం వృథా, దారం మెలికపడుతుంది. ఒడ్డుకు వచ్చాక తల కాస్త నీళ్లపైకి తెచ్చి, ముందే ముంచి ఉంచిన వలలోకి చేపను నడిపించాలి. వలతో చేపను తరిమితే గాలం ఊడుతుంది.

జెల్లను చూడకుండా పట్టుకోవద్దు. వీపు మీద ఒకటి, రెండు పక్కలా రెండు ముళ్లు ఉంటాయి. తడి గుడ్డతో తల వెనుక నుంచి పట్టుకుని పట్టకారుతో గాలం తీయాలి. జెల్ల లాంటిదే అయిన ఇంగిలాయి చేప ముల్లు మరీ బాధిస్తుంది. గుచ్చుకుంటే చర్మం ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ భాగాన్ని అరగంట నుంచి గంటన్నర ముంచి ఉంచండి, ఆ విషం వేడికి విరిగిపోతుంది. కాలకుండా ముందు రెండో చేత్తో నీళ్ల వేడి చూసుకోండి. ముల్లు లోపలే విరిగినా, వాపు పాకినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అందుకే ఒక ఫ్లాస్కులో వేడినీళ్లు ఉంటే టీకీ, దీనికీ పనికొస్తాయి.

వదలాలనుకున్న చేపను తడి చేతులతోనే పట్టుకోండి, పొడి చేయి దాని జిగురు పొర లేపేస్తుంది. ఇంటికి తెచ్చేదాన్ని వెంటనే చంపి, మొప్పలు కోసి రక్తం కారనిచ్చి ఐసులో పెట్టండి. సంచిలో గిలగిల్లాడి చచ్చిన చేపకూ దీనికీ కూరలో తేడా తెలుస్తుంది. గట్టి పలకలతో, నల్లటి మచ్చలతో, అడుగున చప్పరించే నోరుతో దెయ్యం చేప పడితే మాత్రం నీళ్లలోకి తిరిగి వేయకండి. ఎవరో గాజు తొట్టెల నుంచి వదిలిన జాతి అది, స్థానిక చేపలను దెబ్బతీస్తోంది.

సూర్యలంక

ఇప్పుడు సముద్రం. విజయవాడ నుంచి తెనాలి మీదుగా రైల్లో బాపట్ల చేరితే, అక్కడి నుంచి తొమ్మిది కిలోమీటర్లు. సామగ్రి మారుతుంది: పదకొండు, పన్నెండు అడుగుల రాడ్డు, 5000 లేదా 6000 రీలు, 0.35 దారం, దాని చివర విసురు దెబ్బను తట్టుకోవడానికి 0.60 దారం ఐదారు గజాలు, 80 నుంచి 120 గ్రాముల సీసం. సీసం గుండ్రంగా ఉంటే అల అటూ ఇటూ దొర్లిస్తుంది, పలకలుగా ఉన్నది ఇసుకలో నిలుస్తుంది. సీసం చివరన, దానికి పైన మూరెడు దూరంతో రెండు చిన్న కొమ్మల్లా రెండు గాలాలు. రాడ్డు నిలబెట్టడానికి మూడడుగుల పీవీసీ గొట్టాన్ని ఇసుకలో దించితే చాలు.

పోటు సమయం చూసుకుని వెళ్లండి. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు, పోటు రోజురోజుకూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. పోటు పూర్తయ్యే ముందు రెండు గంటలు, తర్వాత ఒక గంట మంచి సమయం. అమావాస్య, పౌర్ణమి చుట్టూ నీరు ఎక్కువ కదులుతుంది. ఆటు వేళకు ముందే వెళ్లి తేలిన ఇసుకను చూసి రండి. ఒడ్డుకు సమాంతరంగా పల్లం ఎక్కడుందో అప్పుడు కంటికి కనిపిస్తుంది. పోటు వచ్చాక అల దూరంగా ఒకసారి విరిగి, మధ్యలో చదునై, మళ్లీ ఒడ్డున విరిగితే ఆ చదునైన, ముదురు రంగు నీరే పల్లం. చేప మేత అందులోనే ఉంటుంది. విరిగే అలను దాటించి విసరాల్సిన పని లేదు.

ఎర పచ్చి రొయ్య. చెరువులో పెంచిన వెనామీ మెత్తన, రెండు విసుర్లకు ఊడిపోతుంది. సముద్రపు రొయ్య దొరికితే అదే తీసుకోండి. తల, పెంకు తీసి, తోక వైపు నుంచి గాలం మీదికి నిటారుగా ఎక్కించి సన్నని ఎలాస్టిక్ దారంతో చుట్టాలి. కవళ్ల ముక్కలు కూడా బాగుంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. ఒడ్డు మీద గాలానికి అది వర్తించదు గాని, తాజా ఎర దొరకడం కష్టం. పడేవి ఎక్కువగా సముద్రపు జెల్లలు, గొరసలు, అదృష్టం బాగుంటే మాగ. టేకు చేప తోక ముల్లు ప్రమాదకరం, అది పడితే దారం కోసేయండి.

రాడ్డు కొన అలలకు ఊగడం, చేప ముట్టడం వేరు. అల ఊపు నెమ్మదిగా ఒకే లయలో ఉంటుంది, చేపది రెండు మూడు చురుకైన గుంజుళ్లు. ఉన్నట్టుండి దారం వదులైపోయినా కొట్టండి, చేప సీసాన్ని లేపి ఒడ్డువైపు వస్తోందన్నమాట.

ఈ తీరం చూడటానికి నిమ్మళంగా ఉన్నా ఏటా ప్రాణాలు తీస్తోంది. మోకాళ్లు దాటి దిగకండి, పోలీసులు నిషేధించిన చోట అసలే దిగకండి. స్నానాలు చేసేవాళ్ల నుంచి కనీసం అర కిలోమీటరు దూరం నడిచి వేయండి. వైమానిక దళ స్థావరం హద్దుల్లోకి మాత్రం పోవద్దు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటికి గట్టి రక్షణ ఉంది. ఆ నెలల్లో రాత్రి గాలం మానుకోవడమే సరైనది, తప్పదనుకుంటే ఇసుక మీదికి తెల్లటి లైటు వేయకండి. నది సముద్రంలో కలిసే వైపు మడ అడవులు కృష్ణా అభయారణ్యంలో భాగం, అక్కడ గాలం వేయవద్దు.

ఇంటికి రాగానే రాడ్డు, రీలు మంచినీళ్లతో కడగండి. రీలు డ్రాగ్‌ను ముందు బిగించి, కుళాయి కింద ధార కాకుండా తడిగుడ్డతో, మెల్లగా పోసిన నీళ్లతో శుభ్రం చేయాలి. ధారతో కడిగితే ఉప్పు లోపలికి పోతుంది. ఆరాక డ్రాగ్ వదులు చేసి, తిరిగే చోట ఒక్క చుక్క రీలు నూనె వేయండి. వాడిన గాలాలను ఉప్పుతో సహా డబ్బాలో వేస్తే రెండు రోజుల్లో కొత్తవాటికి కూడా తుప్పు అంటుకుంటుంది, వాటిని విడిగా ఆరబెట్టండి. కోసేసిన నైలాన్ ముక్కలను ఒడ్డున వదలకుండా సంచిలో తెచ్చి, చిన్న ముక్కలుగా కత్తిరించి చెత్తలో వేయండి.